సువర్ణరేఖ ఒడ్డున వెదకిన కర్ణసువర్ణం

జంషెడ్‌పూర్ ప్రాచీన నగరం కాదు. 1907లో టాటా ఇనుము ఉక్కు సంస్థ ఏర్పడే నాటికి సాక్చి అడవుల నడుమ ఉన్న ఒక చిన్న పల్లె. 1919 జనవరిలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది. స్తూపం గాని, విహార శిథిలం గాని ఈ పట్టణంలో లేవు. అయినప్పటికీ బౌద్ధ చరిత్రను, అందునా హ్యుయాన్‌త్సాంగ్ మార్గాన్ని అభ్యసించేవారు ఒకమారు ఇక్కడికి రావాలని నా అభిప్రాయం. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహాని వద్ద నిలిచి చూస్తే, ఒక గొప్ప పండితుడు ఎందుకు పొరబడ్డాడో బోధపడుతుంది.

ఏడవ శతాబ్దంలో హ్యుయాన్‌త్సాంగ్ తామ్రలిప్తి నుండి వాయవ్యంగా ఏడువందల లీల దూరంలో కర్ణసువర్ణ దేశం ఉన్నదని రాశాడు. అక్కడ పదికి పైగా సంఘారామాలు, సమ్మితీయ నికాయానికి చెందిన సుమారు రెండువేల మంది భిక్షువులు ఉన్నారు. దేవదత్తుని నియమాన్ని పాటిస్తూ పాల పదార్థాలు ముట్టని మూడు విహారాలు కూడా ఉన్నాయని ఆయన చెబుతాడు. దేవదత్తుని అనుయాయులు అంతకాలం నిలిచి ఉన్నారనడానికి ఇది చాలా విలువైన సాక్ష్యం. రాజధాని పక్కన రక్తమృత్తికా విహారం. దాని పుట్టుకకు ఒక కథ ఉంది. విద్యాభారంతో పొట్ట పగిలిపోతుందేమోనని నడుముకు రాగి రేకులు కట్టుకొని, తలపై దివిటీ పెట్టుకొని తిరిగే ఒక దక్షిణాది వాదిని, దక్షిణ దేశం నుండే వచ్చిన ఒక శ్రమణుడు వాదంలో ఓడించాడట. అందుకు సంతోషించిన రాజు విహారం కట్టించాడు. ఆ శ్రమణుడు ఏ ప్రాంతం వాడో గ్రంథం చెప్పదు. మనవాడని రాసుకోవాలనే ఉబలాటాన్ని ఆపుకోవడమే మంచిది.

1871లో అచ్చయిన భారతదేశ ప్రాచీన భూగోళ గ్రంథంలో కన్నింగ్‌హామ్ ఈ దేశాన్ని సింగ్‌భూమ్, బరాభూమ్ ప్రాంతంలో, సువర్ణరేఖ వెంబడి వెదకాలన్నాడు. దల్మా కొండలకు ఆవల, నేటి పురూలియా జిల్లాలో ఉన్న బరాబజార్ రాజధాని స్థానానికి దగ్గరగా ఉన్నదని కూడా సూచించాడు. ఆయన తర్కంలో లోపం కనిపించదు. తామ్రలిప్తికి వాయవ్య దిక్కు సరిపోయింది. నది పేరులోనే సువర్ణం ఉంది. నేటికీ దాని ఇసుకను కడిగి బంగారు రేణువులు ఏరేవారున్నారు.

ముర్షీదాబాద్ జిల్లాలోని రంగామాటి పక్షాన వాదించినవారూ ఉన్నారు. రక్తమృత్తిక అన్నా రంగామాటి అన్నా ఎర్రమట్టే. 1962లో కలకత్తా విశ్వవిద్యాలయం అక్కడి రాజబాడీడాంగాలో తవ్వకాలు మొదలుపెట్టింది. రక్తమృత్తికా మహావిహార భిక్షుసంఘానిదని చెప్పే మట్టి ముద్రిక బయటపడడంతో ఆ వాదం తీరిపోయింది. పేరు పోలిక ఒకచోట దారి తప్పించింది, ఇంకొకచోట దారి చూపింది; తీర్పు చెప్పింది మాత్రం మట్టిముద్ద. మన ధాన్యకటకం విషయంలోనూ పూర్వశైల, అపరశైల విహారాలను బెజవాడ కొండల్లో వెదకిన పండితులున్నారు కదా. కన్నింగ్‌హామ్ గ్రంథం పునర్ముద్రణలు నేటికీ మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. సింగ్‌భూమ్‌ను సమ్మితీయుల దేశంగా పేర్కొనే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

మరి ఈ నేలకు ప్రాచీనత లేదా? ఉంది, అది రాగిది. టాటానగర్ నుండి ఖరగ్‌పూర్ వైపు పోయే రైలు మార్గంలో రాఖా మైన్స్ అనే స్టేషను వస్తుంది. ఈ ప్రాంతపు పాత గోతులను, లోహపు చిట్టెం కుప్పలను చూసి భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ 1869లోనే సింగ్‌భూమ్ ప్రాచీన రాగి గనివారిపై రాశాడు. వారు సరాకులని, అంటే జైన శ్రావకులని ఆయన భావన. రాఖా కొండ దిగువన కుషాణ నాణేలను అనుకరించిన రాగి నాణేలు పెద్ద సంఖ్యలో దొరికాయి. పూరీ కుషాణ నాణేలని వ్యవహరించే ఈ రకమే గంజాం జిల్లాలో, అశోకుని శాసనం ఉన్న జౌగడ ప్రాంతంలో కూడా లభించింది. ఫాహియాన్ రెండేళ్లు ఉండి సూత్రాలకు ప్రతులు రాసుకున్న తామ్రలిప్తి పేరులోనూ తామ్రమే ఉంది. సింగ్‌భూమ్ రాగి ఆ రేవుకు చేరిందని పలువురు చరిత్రకారుల ఊహ. నమ్మదగిన ఊహే, అయితే ఊహగానే రాయాలి.

విశాఖపట్నం వైపు నుండి వచ్చేవారు ఖరగ్‌పూర్ వద్ద పడమటికి మళ్లాలి. శీతకాలం అనువైనది, వేసవిలో ఈ రాతి నేలపై గనుల చెంత తిరగడం కష్టం. జనవరి నడుమ వస్తే నది ఒడ్డున టుసు పండుగ చూడవచ్చు. చిట్టెం ముక్కలను గుర్తుగా ఏరి తీసుకుపోకూడదు. ఉన్నచోట ఉంటేనే అవి సాక్ష్యం. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబిలీ పార్కుకు ఒక సాయంత్రం చాలు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరాన్ని మాత్రం తీరికగా చూడాలి. ఉక్కు పనికి ఉత్తరాంధ్ర నుండి తరలివచ్చిన కుటుంబాల చరిత్ర అక్కడి పెద్దల నోట వినవచ్చు. దాన్ని ఎవరైనా త్వరగా రాసిపెట్టడం అవసరం.

వ్యవధి ఉన్నవారు ఇక్కడి నుండి హౌరా మీదుగా ముర్షీదాబాద్‌కు కూడా వెళ్లాలి. కాట్వా, అజీంగంజ్ మార్గంలో నేడు కర్ణసుబర్ణ అనే రైల్వే స్టేషనే ఉంది. రాజబాడీడాంగా దిబ్బ అక్కడికి దగ్గరే.