క్రీమ్ డబ్బాలో నీళ్లు

ముఖానికి రాసుకునే క్రీముల్లో చాలావాటిలో సగానికి పైగా ఉండేది నీళ్లే. ధర చూస్తే నమ్మబుద్ధి కాదు. క్రీమ్ చేసేవాళ్లు పడ్డ పాట్లన్నీ కూడా ఆ నీళ్లతోనే.

రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గాలెన్ పేరు మీద ఒక లేపనం స్థిరపడింది. తేనెమైనం కరిగించి, గులాబీలు ఊరిన నూనెలో కలిపి, పట్టినన్ని నీళ్లు పోసి నూరడమే. ఒంటికి రాయగానే నీరు విడిపోయి ఆవిరై చల్లగా తగిలేది. నిలవ ఉంచితే మాత్రం నూనె ఒకవైపు, నీళ్లు ఒకవైపు. 19వ శతాబ్దంలో బోరాక్స్ వాడకం మొదలయ్యాక గానీ ఈ రెంటికీ పొత్తు కుదరలేదు. తేనెమైనంలోని ఆమ్లాలతో బోరాక్స్ కలిస్తే అక్కడికక్కడే కాస్త సబ్బు తయారవుతుంది. ఆ సబ్బే రెంటినీ పట్టి ఉంచే ఎమల్సిఫయర్.

1911లో హాంబర్గ్‌లో పుట్టిన నివియాది నూనెలో నీటి బిందువులు ఇమిడే పద్ధతి. గొర్రె ఉన్నిలోని మైనం నుంచి తీసిన యూసెరిట్ అందుకు పనికొచ్చింది. మన పెద్దవాళ్లు పౌడరుకు ముందు రాసుకున్న స్నోది సరిగ్గా తిరగేసిన పద్ధతి. 1919లో బొంబాయిలో పటన్‌వాలా తయారుచేసిన అఫ్గాన్ స్నో ఆ కోవలోదే. నీళ్లలో స్టియరిక్ ఆమ్లపు రేణువులుంటాయి. జిడ్డుండదు, రాస్తే కనబడకుండా పోతుంది. అయితే నీళ్లు బయటివైపు ఉన్న క్రీమ్‌లో బాక్టీరియా, బూజు ఇట్టే పెరుగుతాయి. 1920లలో జర్మనీలో వెలుగులోకి వచ్చిన పారాబెన్లు అవి పెరగకుండా దశాబ్దాలపాటు కాపలా కాశాయి.

తర్వాత క్రీముల్లోకి చేరిన లైపోసోమ్ మాత్రం సౌందర్య సాధనాల వైపు నుంచి వచ్చింది కాదు. 1960ల తొలినాళ్లలో కేంబ్రిడ్జ్ దగ్గరి బాబ్రహామ్‌లో అలెక్ బాంగ్‌హామ్, ఆర్.డబ్ల్యూ. హార్న్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫాస్ఫోలిపిడ్లను చూస్తుంటే, అవి నీళ్లు తగలగానే వాటంతటవే బుడగలుగా చుట్టుకుపోయి కనిపించాయి. గుడ్డు పచ్చసొనలో, సోయాలో ఉండే లెసిథిన్ ఆ జాతి పదార్థమే. ఈ బుడగే లైపోసోమ్: గోడ కొవ్వు, లోపల నీళ్లు. చిన్నవైతే వెంట్రుక మందంలో వెయ్యో వంతు. 2021లో బ్లాక్ ఫంగస్ రోగుల కోసం తెలుగు రాష్ట్రాల్లో జనం ఊరూరా వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ మందు ఇలాంటి బుడగల్లో ఉన్నదే.

1986లో డియోర్ ‘కాప్చర్’ పేరుతో లైపోసోమ్‌లను అంగడికెక్కించింది. ప్రకటనల్లో ఆ బుడగలు చర్మం లోతుల్లోకి దూసుకుపోయేవి. నిజానికి మామూలు లైపోసోమ్‌లు చాలావరకు పైపొరల్లోనే ఆగుతాయి. అసలు అంతదాకా రావడమే గొప్ప, ఎందుకంటే డబ్బాలోనే వాటికి శత్రువులున్నారు. నూనెనూ నీటినీ కలిపే ఎమల్సిఫయర్ ఎక్కువైతే బుడగ గోడనూ కరిగిస్తుంది. ఆల్కహాలు ఎక్కువైనా అంతే. అందుకే తయారీలో ఎమల్షన్‌ను 70-75 డిగ్రీల దగ్గర కలిపి, 40 లోపుకు చల్లారాకే లైపోసోమ్ ద్రవాన్ని నెమ్మదిగా చేర్చి తిప్పుతారు. జోరుగా గిలక్కొడితే గోడలు చిట్లుతాయి.

పెద్ద చిక్కు క్రిములను ఆపే ప్రిజర్వేటివ్‌తో. పారాబెన్ కొవ్వు వైపు మొగ్గుతుంది. క్రిములుండేది నీళ్లలో, మందు చేరేది నూనెలోనూ లైపోసోమ్ గోడలోనూ. అక్కడ గోడ బలహీనపడుతుంది, ఇక్కడ నీళ్లకు కాపలా తగ్గుతుంది. దీనికితోడు 2004లో బ్రిటన్‌లో 20 రొమ్ము కణితుల్లో పారాబెన్లు కనిపించాయన్న పరిశోధన వచ్చింది. క్యాన్సర్‌కు అవే కారణమని అందులో రుజువు కాలేదు. అయినా ‘పారాబెన్ లేదు’ అన్న లేబుళ్లు వెల్లువెత్తాయి. పారాబెన్ల స్థానంలో విరివిగా వాడిన మిథైల్‌ఐసోథయాజోలినోన్ ఎంతమందికి అలర్జీ తెచ్చిందంటే, కడిగేయకుండా వదిలేసే క్రీముల్లో దాన్ని ఐరోపా నిషేధించాల్సి వచ్చింది. మరో ప్రిజర్వేటివ్ ఫినాక్సీఇథనాల్‌కు అక్కడ 1 శాతం పరిమితి.

ఏది వాడినా పరీక్ష ఒకటే. క్రీమ్‌లో కావాలనే సూడోమొనాస్, కాండిడా, ఆస్పర్జిల్లస్ వంటి క్రిములు కలిపి, 28 రోజుల దాకా విడతలవారీగా ఎన్ని బతికాయో లెక్కిస్తారు. లైపోసోమ్‌లు చెక్కుచెదరకుండా ఉండి ఈ లెక్క తప్పినా, లెక్క సరిపోయి లైపోసోమ్‌లు చితికినా, ఫార్ములా మళ్లీ మొదటికొస్తుంది.