వర్చువల్ మెషిన్ హోస్ట్ మానిటరింగ్: పాత సర్వర్లపై చిక్కుల చరిత్ర

పలు వర్చువల్ మెషిన్లను (గెస్టులను) నడిపే సర్వర్‌ను హోస్ట్ అంటారు. దాని తీరుతెన్నులను ఎప్పటికప్పుడు కనిపెట్టి ఉండటమే హోస్ట్ మానిటరింగ్. ప్రాసెసర్‌పై ఎంత భారం ఉంది, మెమరీ ఎంత మిగిలింది, డిస్క్ ఎంత ఆలస్యంగా బదులిస్తోంది, గెస్టులు నడుస్తున్నాయా ఆగిపోయాయా అన్నవి దీని ప్రశ్నలు. మామూలు సర్వర్‌లో వీటిని ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగితే చాలు. వర్చువల్ హోస్ట్‌లో అలా కుదరదు. హార్డ్‌వేర్ పగ్గాలు, దాన్ని గెస్టులకు పంచే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటాయి. మనం లాగిన్ అయ్యే విండోస్ గానీ లినక్స్ గానీ చాలాసార్లు దానిపై నడిచే మరో గెస్టు మాత్రమే. 2001–2012 మధ్య వచ్చిన సర్వర్ సిస్టమ్‌లపై మానిటరింగ్ ఎందుకు తప్పుడు లెక్కలు చెప్పిందని ఆరా తీస్తే, ఎక్కువసార్లు తేలేది ఇదే.

మెయిన్‌ఫ్రేమ్ మూలాలు

వర్చువల్ మెషిన్ అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న ఐబీఎం సైంటిఫిక్ సెంటర్‌లో 1960ల్లో పుట్టింది. అక్కడి సీపీ-40, దాని తర్వాతి సీపీ-67 ప్రయోగాల నుంచి రూపుదిద్దుకున్న వీఎం/370ను ఐబీఎం 1972 ఆగస్టులో ప్రకటించింది. అందులో యంత్రాన్ని గెస్టులకు పంచిపెట్టే కంట్రోల్ ప్రోగ్రామ్‌కే ఇండికేట్, మానిటర్ అనే ఆదేశాలుండేవి. ఎవరు ఎంత వాడారో పంచిపెట్టినవాడినే అడిగేవారు కాబట్టి లెక్కలో తేడా వచ్చే సందు తక్కువ.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక ప్రాసెసర్‌ను వర్చువలైజ్ చేయడానికి ఉండాల్సిన షరతులను సూత్రీకరించారు. ఇంటెల్ ఎక్స్86 వంశం ఆ షరతులకు లొంగలేదు. పెంటియమ్‌లో దారికి రాని ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో ఒక పరిశోధన లెక్క తేల్చింది. 1998లో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ, నడుస్తున్న కోడ్‌ను ఎప్పటికప్పుడు మార్చి రాసే బైనరీ ట్రాన్స్‌లేషన్‌తో ఈ అడ్డంకిని దాటింది. 2005లో ఇంటెల్, 2006లో ఏఎండీ ప్రాసెసర్‌లోనే వర్చువలైజేషన్‌కు చోటిచ్చాయి. అలా మెయిన్‌ఫ్రేమ్ విద్య చౌక సర్వర్లకు చేరింది గానీ, లెక్క ఎవరిని అడగాలన్న మెయిన్‌ఫ్రేమ్ అలవాటు దానితో రాలేదు.

సర్వీస్ కన్సోల్ కాలం

2001లో వీఎంవేర్ రెండు సర్వర్ ఉత్పత్తులు తెచ్చింది. జీఎస్‌ఎక్స్ సర్వర్ విండోస్ లేదా లినక్స్‌పై ఒక అప్లికేషన్‌లా నడిచేది. ఈఎస్‌ఎక్స్ సర్వర్‌కు వీఎంకెర్నల్ అనే సొంత కెర్నల్ ఉండేది. అడ్మిన్లు లాగిన్ అవడానికి ఈఎస్‌ఎక్స్‌లో రెడ్ హ్యాట్ లినక్స్ ఆధారంగా తయారుచేసిన సర్వీస్ కన్సోల్ పెట్టారు. తంటా అక్కడే మొదలైంది. లినక్స్ ప్రాంప్ట్ కనబడగానే అడ్మిన్ అలవాటు కొద్దీ, వాడకం చూపే టాప్ ఆదేశం కొట్టేవాడు. ప్రాసెసర్ దాదాపు ఖాళీగా ఉన్నట్టు చూపేది. అదే సమయంలో గెస్టులు నత్తనడక నడుస్తూ ఉండేవి. టాప్ అబద్ధం చెప్పలేదు, తనకు దక్కిన వాటా గురించే చెప్పింది. కన్సోల్‌కు మొదటి ప్రాసెసరే ఇచ్చేవారు. ఈఎస్‌ఎక్స్ 3లో దానికి మామూలుగా దక్కే మెమరీ 272 ఎంబీ. యంత్రం మొత్తం లెక్క కావాలంటే ఈఎస్‌ఎక్స్‌టాప్ అనే వేరే ఆదేశం వాడాలి.

ఆ 272 ఎంబీలోనే హార్డ్‌వేర్ కంపెనీల ఏజెంటు, బ్యాకప్ ఏజెంటు, మానిటరింగ్ ఏజెంటు సర్దుకోవాలి. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిస్తే కన్సోల్ స్వాప్‌లోకి జారేది. హోస్ట్‌ను నడిపించే హోస్ట్‌డీ అనే సేవ బదులివ్వడం మానేసేది. గెస్టులు మాత్రం హాయిగా నడుస్తూనే ఉండేవి. కన్సోల్ మెమరీని గరిష్ఠ పరిమితి 800 ఎంబీకి పెంచడం ఆ రోజుల్లో ఆనవాయితీ అయింది. ఇంకా మొండికేస్తే మేనేజ్‌మెంట్ సేవను రీస్టార్ట్ చేసేవారు. అయితే గెస్టులు వాటంతట అవే మొదలై ఆగే సెట్టింగ్ ఉంటే ముందు దాన్ని తీసేయాలి. ఆ జాగ్రత్త మరిచిపోతే గెస్టులే రీబూట్ అయ్యే ప్రమాదం ఉండేది. కాపలా పెట్టబోయి ఇంటికే ఎసరు తెచ్చుకోవడమంటే ఇదే.

హోస్టులన్నిటినీ ఒకేచోటి నుంచి నిర్వహించడానికి వీఎంవేర్ 2003లో తెచ్చిన వర్చువల్‌సెంటర్, తర్వాతి కాలపు వీసెంటర్, చాలా చోట్ల విండోస్ సర్వర్‌పైనే నడిచేది. హోస్ట్ ప్రతి 10 సెకన్లకూ ఒక హార్ట్‌బీట్ ప్యాకెట్‌ను యూడీపీ 902 పోర్టుకు పంపుతుంది. 60 సెకన్లపాటు ఒక్కటీ అందకపోతే వీసెంటర్ ఆ హోస్ట్ స్పందించడం లేదని ప్రకటిస్తుంది. దీని లక్షణం చూడగానే గుర్తుపట్టవచ్చు. హోస్ట్‌ను చేర్చగానే అంతా పచ్చగా ఉంటుంది, నిమిషమో నిమిషంన్నరో గడిచాక ఎర్రబడుతుంది. మళ్లీ కలిపితే మళ్లీ అదే కథ. హోస్ట్‌కు ఏ జబ్బూ ఉండదు. చేర్చే పని టీసీపీ మీద వీసెంటర్ వైపు నుంచి జరుగుతుంది కాబట్టి సాఫీగా సాగుతుంది. హార్ట్‌బీట్ ఎదురు దిశలో యూడీపీ మీద వస్తుంది కాబట్టి ఫైర్‌వాల్ దాన్ని మింగేస్తుంది. విండోస్ సర్వర్ 2008లో ఫైర్‌వాల్ పుట్టుకతోనే ఆన్‌లో ఉండటంతో, ఆ దారి తెరవని చోటల్లా ఈ చిక్కు ఎదురయ్యేది.

రెడీ టైమ్ అనే లెక్క మరో వివాదం. గెస్టు పనికి సిద్ధంగా ఉండి కూడా ప్రాసెసర్ దొరక్క ఎదురుచూసిన సమయం అది. ఈఎస్‌ఎక్స్‌టాప్ దాన్ని శాతంలో చూపేది, వీసెంటర్ గ్రాఫ్ మిల్లీసెకన్లలో చూపేది. రియల్‌టైమ్ గ్రాఫ్‌లో ఒక్కో చుక్కా 20 సెకన్లది కాబట్టి 1000 మిల్లీసెకన్లంటే 5 శాతం. అదే 1000 గత రోజు గ్రాఫ్‌లో కనబడితే, అక్కడి చుక్క 5 నిమిషాలది కనుక మూడో వంతు శాతమే. ఈ తేడా తెలియక అవసరం లేని సర్వర్లు కొన్నవారూ ఉంటారు, అవసరమున్నా కొననివారూ ఉంటారు.

2008 ఆగస్టు 12న ఇంకో రకం దెబ్బ తగిలింది. ఈఎస్‌ఎక్స్ 3.5 అప్‌డేట్ 2లో పొరపాటున మిగిలిపోయిన గడువు తేదీ కోడ్ ఆ రోజు మేల్కొంది. ఆపిన గెస్టులు తిరిగి మొదలవలేదు, నడుస్తున్న గెస్టును వేరే హోస్ట్‌కు మార్చే వీమోషన్ పనిచేయలేదు. నడుస్తున్న గెస్టులకు ఏమీ కాలేదు కాబట్టి, ఉన్నవి నడుస్తున్నాయా అని మాత్రమే చూసే మానిటరింగ్‌కు ఏ తేడా కనబడలేదు. ప్యాచ్ వచ్చేదాకా చెప్పిన ఉపాయం హోస్ట్ తేదీని వెనక్కి జరపడం. సంస్థ సీఈఓ పాల్ మారిట్జ్ వినియోగదారులకు క్షమాపణ చెప్పారు.

సర్వీస్ కన్సోల్ లేని ఈఎస్‌ఎక్స్‌ఐ 2007 చివర్లో వచ్చింది. 2010 నాటి 4.1 కన్సోల్ ఉన్న చివరి వెర్షన్. 2011లో వచ్చిన వీఎంవేర్ ప్యాకేజీ వీస్ఫియర్ 5 నుంచి ఈఎస్‌ఎక్స్‌ఐ ఒక్కటే మిగిలింది. కన్సోల్‌లో ఏజెంట్లు పెట్టుకుని బతికిన మానిటరింగ్ వ్యవస్థలన్నీ ఏపీఐల బాట పట్టాల్సి వచ్చింది. ఓపెన్ సోర్స్ మానిటరింగ్ టూల్ జాబిక్స్‌లో కూడా వీఎంవేర్ మానిటరింగ్ సొంతంగా అమరింది 2013లో, 2.2 వెర్షన్‌తోనే.

హైపర్-వీ: టాస్క్ మేనేజర్ చెప్పని సంగతి

మైక్రోసాఫ్ట్ 2003లో కనెక్టిక్స్ సంస్థ వర్చువలైజేషన్ సాంకేతికతను కొని, దాని ఆధారంగా వర్చువల్ సర్వర్ 2005 తెచ్చింది. అసలైన హైపర్‌వైజర్ హైపర్-వీ. విండోస్ సర్వర్ 2008 కోసం అది 2008 జూన్ 26న విడుదలైంది. హైపర్-వీ రోల్ వేయగానే అంతవరకు హార్డ్‌వేర్‌పై నేరుగా కూర్చున్న విండోస్, హైపర్‌వైజర్‌పైకి మారి రూట్ పార్టిషన్ అవుతుంది. తెర మీద ఏ మార్పూ కనబడదు. టాస్క్ మేనేజర్ కూడా ఎప్పటిలాగే ఉంటుంది, కానీ ప్రాసెసర్ విషయంలో అది చూపేది రూట్ పార్టిషన్ వాడకమే. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ గది మీటరు చూసి మొత్తం భవనం కరెంటు లెక్క చెప్పినట్టు ఉంటుంది అది. గెస్టులు ప్రాసెసర్‌ను పిండేస్తున్నా ఆ గ్రాఫ్ అడుగునే పాకుతుంది.

నిజం తెలియాలంటే పెర్ఫార్మెన్స్ మానిటర్ తెరిచి ‘హైపర్-వీ హైపర్‌వైజర్ లాజికల్ ప్రాసెసర్’ వర్గంలోని టోటల్ రన్ టైమ్ కౌంటర్ చూడాలి. 2008 హోస్టులపై పాత మానిటరింగ్ టూల్స్ తరచూ మామూలు ప్రాసెసర్ కౌంటర్‌నే చదివేవి. ‘సీపీయూ 4 శాతం’ అన్న రిపోర్టు చేత్తో పట్టుకుని డేటాబేస్ వాళ్లతో వాదించిన అడ్మిన్లకు కొదవ లేదు. కొన్నిసార్లు ఆ కౌంటర్ల వర్గమే జాబితాలో కనబడదు. అప్పుడు కౌంటర్ల రిజిస్ట్రీని లోడ్‌సీటీఆర్ ఆదేశంతో తిరిగి కట్టాలి. అది హైపర్-వీ జబ్బు కాదు, విండోస్‌ది. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తీసేసేటప్పుడు కౌంటర్లను చెడగొట్టి పోయి ఉండవచ్చు.

హైపర్-వీ లెక్కలు బయటికి వచ్చే ప్రధాన ద్వారం, విండోస్ నిర్వహణ సమాచారాన్ని అందించే డబ్ల్యూఎంఐ. దూరం నుంచి దాన్ని అడిగితే సంభాషణ 135 పోర్టుపై మొదలై, అక్కడి నుంచి అప్పటికప్పుడు కేటాయించిన వేరే పోర్టుకు మళ్లుతుంది. విండోస్ సర్వర్ 2003 వరకు ఆ రెండో పోర్టు 1025 నుంచి 5000 లోపు ఉండేది. 2008లో ఆ శ్రేణి 49152–65535కు మారింది. నెట్‌వర్క్ ఫైర్‌వాల్ నిబంధనలు పాత శ్రేణికే రాసి ఉన్న ఆఫీసుల్లో హోస్ట్‌ను అప్‌గ్రేడ్ చేసిన రోజే మానిటరింగ్ మూగబోయేది. పింగ్ వెళ్తుంది, 135 తెరిచే ఉంటుంది, ఆర్‌పీసీ సర్వర్ అందుబాటులో లేదన్న సందేశం వస్తుంది. హోస్ట్ బాగానే ఉందని సర్వర్ టీమ్, పోర్టు తెరిచే ఉందని నెట్‌వర్క్ టీమ్ తప్పును ఒకరి మీద ఒకరు నెట్టుకునేవారు. ఇద్దరి మాటా సగం నిజమే.

గ్రాఫికల్ తెర లేని సర్వర్ కోర్‌పై హైపర్-వీ నడిపినవారికి అనుమతులు, ఫైర్‌వాల్, దూరం నుంచి డబ్ల్యూఎంఐని అడగడానికి వాడే డీకామ్ మూడూ ఒకేసారి సరిచేయాల్సి వచ్చేది. వర్క్‌గ్రూప్‌లో ఉన్న హోస్ట్ అయితే మరీనూ. ఆ బాధ ఎంతదో చెప్పడానికి, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి జాన్ హోవర్డ్ దానికోసమే 2008లో హెచ్‌వీరిమోట్ అనే స్క్రిప్టు రాసి పంచాల్సి రావడమే చాలు.

విండోస్ సర్వర్ 2012లో హైపర్-వీ డబ్ల్యూఎంఐ నేమ్‌స్పేస్‌కు వీ2 అనే రెండో రూపం వచ్చింది. హైపర్-వీకి సొంత పవర్‌షెల్ మాడ్యూల్ వచ్చింది కూడా అప్పుడే. 2012లో పాత నేమ్‌స్పేస్‌నూ ఉంచారు, 2012 ఆర్2లో తీసేశారు. దాంతో పాత నేమ్‌స్పేస్‌ను నమ్ముకున్న స్క్రిప్టులు కొత్త హోస్టులపై చెల్లలేదు, కొత్త హైపర్-వీ మేనేజర్ 2008 ఆర్2 హోస్టులను పట్టించుకోలేదు. రెండు తరాల హోస్టులున్నచోట రెండు టూల్స్ పక్కపక్కన పెట్టుకోవడమే దారి. వీ2 నేమ్‌స్పేస్ చెల్లదన్న ఎర్రర్ వస్తే మాఫ్‌కాంప్ ఆదేశంతో విండోస్ వర్చువలైజేషన్ వీ2 మాఫ్ ఫైలును మళ్లీ కంపైల్ చేయడం నేటికీ వాడే మందు.

జెన్, కేవీఎం

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో పరిశోధన పత్రంతో లోకానికి తెలిసిన జెన్‌లోనూ కథ ఇదే. డామ్0 అనే లినక్స్ యజమానిలా కనిపించినా హైపర్‌వైజర్ దృష్టిలో అది కూడా ఒక డొమైనే. అందుకే జెన్‌టాప్ పుట్టింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 5 జెన్‌తో 2007లో వచ్చి, 2009లో 5.4తో కేవీఎంను చేర్చుకుంది. 2010లో వచ్చిన 6లో జెన్ హోస్ట్ లేదు. 2007 ఫిబ్రవరిలో 2.6.20 కెర్నల్‌తో లినక్స్‌లో కలిసిన కేవీఎంలో మాత్రం ఈ చిక్కు లేదు. హోస్ట్ కెర్నలే హైపర్‌వైజర్, ప్రతి గెస్టూ ఒక మామూలు ప్రాసెస్, కాబట్టి టాప్ కొడితే నిజమే కనిపిస్తుంది. మానిటరింగ్ కోణంలో చూస్తే ఆ తరంలో వచ్చిన అన్నిటిలో తేటగా ఉన్న నిర్మాణం ఇదేనని చెప్పాలి.

గెస్టు లోపలి నుంచి చూసేవారికి స్టీల్ టైమ్ అనే గడి 2.6.11 కెర్నల్‌తో వచ్చింది. రెడ్ హ్యాట్ 4 కెర్నల్ 2.6.9 కావడంతో ఆ గెస్టులు తమ వాటా ఎంత చేజారిందో చెప్పలేకపోయేవి. వీఎంవేర్‌పై నడిచే లినక్స్‌లో ఆ గడి ఉన్నా చాలాకాలం సున్నాగానే ఉండేది. సున్నా చూసి అంతా బాగుందనుకోవడం పొరపాటు.

497 రోజులు, 34 సెకన్లు

పాత సర్వర్ల మానిటరింగ్‌లో 497 అన్న సంఖ్య మళ్లీమళ్లీ ఎదురవుతుంది. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెట్టే 32 బిట్ల కౌంటర్ 497 రోజులకు నిండి సున్నాకు వస్తుంది. మానిటరింగ్ ప్రోటోకాల్ ఎస్‌ఎన్‌ఎంపీలో యంత్రం ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే లెక్క ఇలాంటిదే. కాబట్టి ఏడాదిన్నరకు దగ్గరగా రీబూట్ కాని హోస్ట్ ఒక రాత్రి ‘ఇప్పుడే రీబూట్ అయింది’ అని అలర్ట్ పంపుతుంది. అది ఉత్తుత్తి గోల. విండోస్ సర్వర్ 2008, 2008 ఆర్2లో అదే 497 రోజులకు నిజమైన ముప్పు ఉండేది. ఆ తర్వాత టైమ్-వెయిట్ దశలోని టీసీపీ కనెక్షన్లు మూసుకునేవి కావు. పోర్టులు ఒక్కొక్కటే ఖర్చయి, చివరికి కొత్త కనెక్షన్ పుట్టదు. మాటిమాటికీ కనెక్షన్లు తెరిచే మానిటరింగ్ ఏజెంటుకు ఆ సెగ ముందుగా తగులుతుంది. మైక్రోసాఫ్ట్ హాట్‌ఫిక్స్ ఇచ్చింది, రీబూట్ కూడా తాత్కాలికంగా నయం చేస్తుంది. హోస్ట్‌ను రీబూట్ చేయాలంటే గెస్టులన్నిటినీ కదపాలి కాబట్టి ఈ సమస్య హోస్టుల దగ్గరే ఎక్కువగా పండింది.

ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాఫిక్ కౌంటర్లదీ అదే ఇబ్బంది. 100 మెగాబిట్ల లింక్ నిండుగా పారితే 32 బిట్ల బైట్ కౌంటర్ 5.7 నిమిషాలకు నిండుతుంది, గిగాబిట్ లింక్‌పై 34 సెకన్లకే. 5 నిమిషాలకోసారి చదివే మానిటరింగ్ ఆ మధ్యలో కౌంటర్ ఎన్ని చుట్లు తిరిగిందో ఎరగదు. గెస్టులన్నిటి ట్రాఫిక్ ఒకే కార్డు గుండా పోయే హోస్ట్‌లో గ్రాఫ్ నిజానికి ఆమడ దూరంలో ఉండిపోతుంది. 64 బిట్ల కౌంటర్లు, ఎస్‌ఎన్‌ఎంపీ రెండో వెర్షన్ వాడటమే పరిష్కారం.

గడియారమూ మోసం చేసేది. 2.6 తొలి కెర్నళ్లు సెకనుకు 1000 టైమర్ అంతరాయాలు కోరేవి. రద్దీగా ఉన్న హోస్ట్ వాటన్నిటినీ వేళకు అందించలేకపోతే గెస్టు గడియారం వెనకబడేది. సమయం తప్పిన గెస్టు పంపే లెక్కలను మానిటరింగ్ సర్వర్ పాతవిగా భావించి పారేసేది. రెడ్ హ్యాట్ 5లో డివైడర్=10 అనే బూట్ ఐచ్ఛికం ఆ 1000ని 100కు తగ్గించేది.

ఎన్‌క్రిప్షన్ తెచ్చిన మౌనం

పాత హోస్టుల మానిటరింగ్‌ను ఇప్పుడు ఎక్కువగా ఆపేస్తున్నది, కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే టీఎల్‌ఎస్ ప్రోటోకాల్. రెడ్ హ్యాట్ 5లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 0.9.8కు, విండోస్ సర్వర్ 2003కు టీఎల్‌ఎస్ 1.2 తెలియదు. విండోస్ 2008 ఆర్2కు తెలుసు గానీ రిజిస్ట్రీలో ఆన్ చేయాలి. వీస్ఫియర్ 6.7 నుంచి డిఫాల్ట్‌గా 1.2 మాత్రమే మాట్లాడుతుంది. 2021 మార్చిలో టీఎల్‌ఎస్ 1.0, 1.1లను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ అధికారికంగా పక్కన పెట్టింది. మానిటరింగ్ సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసిన మర్నాడే పాత హోస్టులన్నీ చచ్చిపోయినట్టు కనబడితే, ముందు చూడాల్సింది టీఎల్‌ఎస్ వెర్షన్ల పొత్తు కుదరడం లేదేమోనని. కొత్త సర్వర్‌లో పాత ప్రోటోకాల్‌ను అందరికీ తెరవడం మంచిది కాదు. పాత హోస్టుల పక్కనే, వేరుచేసిన నెట్‌వర్క్‌లో ఒక మధ్యవర్తి ప్రాక్సీ పెట్టి దానికి మాత్రమే ఆ వెసులుబాటు ఇవ్వడం మేలు.

విండోస్ సర్వర్ 2003కు 2015 జూలై 14న, 2008, 2008 ఆర్2లకు 2020 జనవరి 14న, 2012, 2012 ఆర్2లకు 2023 అక్టోబర్ 10న మామూలు మద్దతు ముగిసింది. రెడ్ హ్యాట్ 5కు 2017 మార్చిలో, 6కు 2020 నవంబర్‌లో గడువు తీరింది. డబ్బు కట్టి తీసుకునే పొడిగింపు కింద విండోస్ సర్వర్ 2012 ఆర్2కు భద్రతా ప్యాచ్‌లు అందే చివరి తేదీ 2026 అక్టోబర్ 13.