రాక్ ’న్ రోల్ (జాన్ లెనన్ ఆల్బమ్)

బీటిల్స్ బృందంలో ఒకడైన జాన్ లెనన్, తాను కుర్రతనంలో విని నేర్చుకున్న పాటలనే మళ్ళీ పాడి 1975 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఆల్బమ్ ‘రాక్ ’న్ రోల్’. ఇందులో 13 ట్రాకులున్నాయి. ఒక్కటీ అతను రాసింది కాదు. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, ఫ్యాట్స్ డామినో, బడ్డీ హాలీ, జీన్ విన్సెంట్, శామ్ కుక్ లాంటివాళ్ళు 1955కీ 1962కీ మధ్య పాడిన పాటలవి. దీన్ని కోర్టు తగాదాకు పుట్టిన రికార్డుగా చెప్పి వదిలేయడం రివాజైంది. తగాదా నిజమే. కానీ చట్టం అడిగిన బాకీ ఎంత, లెనన్ తీర్చింది ఎంత అని లెక్క చూస్తే ఈ ఆల్బమ్ వేరేగా కనిపిస్తుంది.

1969లో బీటిల్స్ ‘కమ్ టుగెదర్’ పాట మొదట్లో చక్ బెర్రీ 1956 నాటి ‘యు కాంట్ క్యాచ్ మీ’ చరణం పోలిక ఉందని, ఆ పాట హక్కులున్న మోరిస్ లెవీ దావా వేశాడు. తన సంస్థకు చెందిన మూడు పాటలు లెనన్ పాడాలన్న ఒప్పందంతో రాజీ కుదిరింది. 1973 చివర లాస్ ఏంజెలెస్‌లో ఫిల్ స్పెక్టర్ నిర్మాతగా రికార్డింగ్ మొదలై, గందరగోళంగా ఆగిపోయింది. టేపులు స్పెక్టర్ దగ్గరే చిక్కుపడ్డాయి. చివరికి అవి చేతికొచ్చాక లెనన్ వాటిలో నాలుగు పాటలు మాత్రమే ఉంచుకుని, మిగతా తొమ్మిది ట్రాకులను 1974 అక్టోబరులో న్యూయార్క్‌లో కొద్ది రోజుల్లోనే కొత్తగా పాడాడు. ఈలోగా తన చేతికందిన కచ్చా టేపును లెవీ ‘రూట్స్’ పేరుతో టీవీ ప్రకటనలిచ్చి పోస్టులో అమ్మాడు. మళ్ళీ కోర్టు. ఒప్పందం మీరినందుకు లెవీకి దక్కింది 6,795 డాలర్లు. లెనన్ పక్షానికి అతను చెల్లించాల్సి వచ్చింది అంతకు ఎన్నో రెట్లు. రాజీ అడిగింది మూడు పాటలే. బలవంతమే కారణమైతే ఆ మూడూ ఏదో ఒక ఆల్బమ్‌లో ఇరికించి చేతులు దులుపుకోవచ్చు. అతను ఆల్బమ్ మొత్తాన్నీ పాత పాటలకే ఇచ్చాడు.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. నల్లజాతి గాయకుల పాటలను తెల్లవాళ్ళు తిరిగి పాడటానికి మంచి చరిత్ర లేదు. 1955లో ఫ్యాట్స్ డామినో ‘ఎయింట్ దట్ ఎ షేమ్’ అమెరికా పాప్ పట్టికలో పదో స్థానం దగ్గర ఆగితే, అదే పాటను ప్యాట్ బూన్ పాడి మొదటి స్థానానికి తీసుకెళ్ళాడు. లెనన్ ఆల్బమ్‌లోనూ ఆ పాట ఉంది. అయితే బూన్ రికార్డు అసలు పాట బజారులో ఉండగానే దాని చోటు ఆక్రమించింది. లెనన్ పాడేనాటికి ఇరవై ఏళ్ళు గడిచాయి, అది ఎవరి పాటో వినేవాళ్ళకు తెలుసు. పైగా తల్లి జూలియా నేర్పగా తాను మొట్టమొదట నేర్చుకున్న రాక్ ’న్ రోల్ పాట అదేనని అతను చెప్పుకున్నాడు. పాట ఒకటే అయినా ఒకరు గురువును కప్పేశారు, ఒకరు గురువును చూపించారు.

మూలానికి కట్టుబడలేదన్నది మరో విమర్శ. ‘స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్’ వేగం తగ్గి, ఊదువాద్యాల బరువుకు కుంగిన మాట నిజం. స్పెక్టర్ వంతు పాటలు ఈ ఆల్బమ్‌లో బలహీనమైనవే. కానీ మార్చి పాడటమే తప్పు అనలేం. మన పద్యనాటకం సంగతి చూడండి. తిరుపతి వేంకట కవుల పద్యాలను పీసపాటి నరసింహమూర్తి ఒక తీరున, షణ్ముఖి ఆంజనేయరాజు ఇంకో తీరున పాడితే జనం రెంటికీ వన్స్‌మోర్ కొట్టారు. కోలారు సీమలో కైవారం తాతయ్య తెలుగు తత్త్వాలను పాడే ఏ భజన మేళం గొంతు దానిదే. ‘స్టాండ్ బై మీ’ వినండి: బెన్ ఇ. కింగ్ 1961లో నిబ్బరంగా పాడిన పాటను లెనన్ గొంతు చీరుకుపోయేలా పాడాడు. అది అనుకరణ కాదు, ఆ పాటతో ఎన్నో ఏళ్ళు బతికినవాడి పాఠాంతరం.

ఆల్బమ్ బ్రిటన్, అమెరికాల్లో రెండుచోట్లా ఆరో స్థానం దాకా వెళ్ళింది. తర్వాత 1980 దాకా లెనన్ కొత్త ఆల్బమ్ చేయలేదు. అట్ట మీది ఫొటోను యుర్గెన్ ఫోల్మర్ 1961లో హాంబర్గ్‌లో తీశాడు. గుమ్మానికి ఆనుకుని లెనన్ నిలబడి ఉంటాడు. అతని ముందు నుంచి ముగ్గురు మసకగా నడిచిపోతుంటారు. వాళ్ళు పాల్ మెకార్ట్నీ, జార్జ్ హ్యారిసన్, స్టూవర్ట్ సట్‌క్లిఫ్. ఆ రోజుల్లో హాంబర్గ్ క్లబ్బుల్లో లెనన్‌తో కలిసి రాత్రంతా ఇలాంటి పాటలే వాయించినవాళ్ళు.