రబ్బరుకు పాకం కుదిరిన వేళ

1844 జూన్ 15న చార్లెస్ గుడ్‌ఇయర్‌కు అమెరికాలో దక్కిన పేటెంట్ చదివితే వంటకపు కొలతల్లా ఉంటుంది: రబ్బరు 25 పాళ్లు, గంధకం 5, సీసపు సఫేదా 7. ఆ తేదీని తలచుకునేటప్పుడు, రబ్బరును మార్చింది గంధకమేనన్న పాఠాన్ని కొంచెం సవరించుకోవాలి. గంధకం, సీసం దినుసులు. రబ్బరుకు బలమిచ్చింది కొలిచి పెట్టిన వేడి.

మెక్సికో ప్రాంతవాసులు మూడు వేల ఏళ్లకు ముందే రబ్బరు పాలలో తీగరసం కలిపి బంతులు చేశారు. 1823లో స్కాట్లండ్ రసాయనవేత్త మాకింతోష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పూసి వానకోట్లు కుట్టించాడు. అయినా యూరప్, అమెరికాల్లో అమ్మిన రబ్బరు ఎండకు జిగురై, చలికి బిర్రబిగిసేది. 1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. కరిగిపోవలసినది తోలులా కమిలింది. కమిలిన చోటి అంచున మాత్రం సాగి, మళ్లీ యథాస్థితికి వచ్చింది. ఆ సన్నని అంచునే గుడ్‌ఇయర్ పట్టుకున్నాడు. ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి అప్పుల మధ్య ఏళ్లు గడిపాడు. పేటెంట్‌లో చివరికి మేలైనదిగా రాసిన వేడి 270 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 132 సెంటిగ్రేడ్.

గంధకం వాడకం అంతకుముందే ఉంది కదా అనవచ్చు. నిజమే, నథానియెల్ హేవర్డ్ రబ్బరుకు గంధకం పట్టించి ఎండబెట్టాడు. కానీ పైజిగురు పోయిందే తప్ప లోపలి గుణం మారలేదు. అసలు ఘనత సీసానిదేమో అన్నా నిలవదు. ఇంగ్లండ్‌లో థామస్ హాన్‌కాక్ కరిగిన గంధకంలో రబ్బరు ముంచి, సీసం లేకుండానే ఫలితం సాధించాడు. వేడి లేకుండా మాత్రం ఆయనకూ సాగలేదు. వేడికి గంధకం రబ్బరులోని పొడవాటి అణు గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. లోహ సమ్మేళనం ఆ పనిని త్వరపరుస్తుంది. ముడులు చాలకపోతే రబ్బరు జారుతుంది, మితిమీరితే పెళుసవుతుంది. వేడి ఇంకా సాగితే వేసిన ముడులే తెగి, సహజ రబ్బరు మళ్లీ మెత్తబడుతుంది. బెల్లం పాకంలాగే ఇక్కడా దించే క్షణమే కీలకం.

తర్వాత కథ పాయలుగా చీలింది. సీసం స్థానంలోకి జింక్ ఆక్సైడ్ వచ్చింది. 1906లో ఓన్‌స్లాగర్ అనే రసాయనవేత్త అనిలీన్‌తో వేడిచేసే సమయాన్ని ఇంకా తగ్గించాడు. అయితే ముడులన్నీ ఒకే రకం కావు. జింక్, సోడియం అయాన్లతో ముడిపడే అయానోమర్ ప్లాస్టిక్‌లో ఆ ముడులు వేడికి సడలి, చల్లారితే మళ్లీ బిగుస్తాయి. టైరు రబ్బరులోని గంధకపు ముడులకు ఆ వెసులుబాటు లేదు. పాత టైరును కరిగించి కొత్తది పోయలేం. వేడి ఇచ్చిన బలమే ఇప్పుడు మనకు చిక్కుముడి. దాన్ని విప్పేవారికీ గుడ్‌ఇయర్ చూపిన ఓపికే కావాలి.