ఆముదం నుంచి నానో దాకా: ఒక కీమో మందు కథ

మీ ఇంట్లో మెడికల్ స్కూల్లోనో, రెసిడెన్సీలోనో పిల్లలుంటే ఈసారి ఫోన్‌లో ఒక మాట అడిగి చూడండి: "నానోమెడిసిన్ అంటే ఏంటి నాన్నా?" మా అక్క కూతురు రెసిడెంట్. నేనడిగితే, "అదింకా రీసెర్చ్‌లోనే ఉంది పిన్నీ, మా దాకా రాలేదు" అంది.

వచ్చి ముప్పై ఏళ్లు అవుతోందండీ! అదెలాగో చెప్తాను, వినండి.

1962లో వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడు సేకరించారు. నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన దేశం నుంచి వచ్చిన మన్సుఖ్ వానీ కలిసి దాన్నుంచి టాక్సాల్‌ని వేరుచేసి, 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. ఎఫ్‌డీఏ 1992లో అండాశయ క్యాన్సర్‌కి, 1994లో రొమ్ము క్యాన్సర్‌కి అనుమతిచ్చింది.

చిక్కేమిటంటే, ఆ మందు నీళ్లలో కరగదు. అందుకని ఏం చేశారో తెలుసా? మన ఆముదంతో తయారైన ఒక ద్రావకంలో కలిపి ఎక్కించారు. అది కొందరి ఒంటికి పడదు. అందుకే ముందుగా స్టెరాయిడ్లు ఇచ్చి, మూడు గంటలసేపు మెల్లగా ఎక్కించాల్సి వచ్చేది.

2005లో అబ్రాక్సేన్ వచ్చింది. మందు అదే, ఆముదం లేదు. మన రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌తో కలిపి 130 నానోమీటర్ల రేణువులు చేశారు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు, పోల్చుకోండి! ఇది అరగంటలో ఎక్కుతుంది. అంతకు పదేళ్ల ముందే, 1995లో, నర్సులు 'రెడ్ డెవిల్' అని పిలిచే ఎర్ర కీమో మందుని సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి డాక్సిల్‌గా తెచ్చారు, గుండెకి హాని తగ్గుతుందని.

మరి పిల్లలకి ఇది తెలియకపోతే ఏమవుతుంది? మామూలు టాక్సాల్ డోసు చదరపు మీటరుకి 175 మిల్లీగ్రాములు, అబ్రాక్సేన్‌ది 260. లోపలి మందు పేరొకటే కదా అని ఒకదాని బదులు ఇంకోటి ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. మార్చి వాడొద్దని ఆ మందు లేబుల్ మీదే హెచ్చరిక ఉంది.

తెలియనిచోట భయమూ ఎక్కువే. 2020 డిసెంబర్‌లో కోవిడ్ టీకాలొచ్చినప్పుడు 'నానో రోబోలు' అంటూ ఎన్ని ఫార్వర్డులు తిరిగాయో గుర్తుందా? అందులో ఉన్నవి కొవ్వు రేణువులు, లోపలి ఎంఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా కాపాడే పొట్లాలు, అంతే. అలాగని నానో అంటే ఏ ఇబ్బందీ ఉండదనుకోకండి. అబ్రాక్సేన్‌తో చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కుతాయి, డాక్సిల్‌తో అరచేతులు, అరికాళ్లు మండుతాయి.

మనవాళ్లెవరికైనా కీమో మొదలైతే మొహమాటపడకుండా అడగండి: "ఇది మామూలు రకమా, నానో రకమా? డోసు దాని ప్రకారమేనా?"

మర్నాడు మా అమ్మాయే ఫోన్ చేసింది. "పిన్నీ, మా ఫార్మసిస్ట్‌ని అడిగాను. రెండు రకాలూ మా దగ్గర రోజూ వాడుతున్నారట!"