చవక చుట్ట మంచిదో కాదో ఎలా తేల్చేవాళ్ళు?

సిగార్ అనగానే మనకి క్యూబా గుర్తొస్తుంది కదా. కానీ దానికి మన గోదావరి జిల్లాల్లో ఒక చవకైన చుట్టం ఉంది. అదే చుట్ట. కన్యాశుల్కంలో గిరీశం కాల్చేది అదే. ఇంగ్లీషువాళ్ళ 'చెరూట్' కూడా తమిళ 'చురుట్టు' నుంచి వెళ్ళిన మాటే.

పొగాకు అసలు మన మొక్క కాదు, అమెరికా ఖండాలది. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశానికొచ్చింది. గోదావరి వరద తీసేశాక లంకల్లో మిగిలే ఒండ్రుమట్టి దానికి బాగా పడింది. అలా 'లంక పొగాకు'కి పేరొచ్చింది.

మరి మంచి చుట్టని ఎలా పోల్చాలి? వెలిగించి చూడాలి. చుట్టూ సమంగా కాలుతోందా, ఒక పక్కే కాలుతోందా? మాటిమాటికీ ఆరిపోతోందా? బూడిద తెల్లగా ఉందా, నల్లగా ఉందా? ఇందులో సైన్స్ కూడా ఉందండోయ్. ఆకులో పొటాషియం ఉంటే బాగా కాలుతుంది. ఉప్పునేల, ఉప్పునీళ్ళ వల్ల క్లోరైడ్ పెరిగితే సరిగ్గా కాలదు. అంటే చుట్ట కొన చూసి నేల గుణం చెప్పొచ్చన్నమాట!

కానీ ఈ పరీక్షలన్నీ చుట్టకే. కాల్చే మనిషికి ఏమవుతుందో ఇవి చెప్పవు. ఉత్తరాంధ్ర తీరంలో చాలామంది ఆడవాళ్ళు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చేవాళ్ళు. దాన్నే అడ్డపొగ అంటారు. డాక్టర్లు వాళ్ళ నోళ్ళు పరీక్షిస్తే అంగిట్లో పుండ్లు, క్యాన్సర్లు కనిపించాయి. చుట్ట ఎంత సమంగా కాలినా, బూడిద ఎంత తెల్లగా ఉన్నా ఆ అంగిలి కాలడం ఆగలేదు.

అందుకే, చుట్ట చరిత్ర తెలుసుకుందాం ఫ్రెండ్స్. వెలిగించడం మాత్రం వద్దు.