బురదతో వ్రాసిన బట్ట

పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశమున, రాజధానియగు బమాకోకు ఉత్తరముగా బేలెదుగు అను సీమ కలదు. అచ్చటి పల్లెలలోని బమానా జాతివారు వానకాలమున సజ్జలు, జొన్నలు పండింతురు. కోతలు ముగిసి గాదెలు నిండిన పిమ్మట చేతిపనులు మొదలగును. కమ్మరము, కుమ్మరము, నేత అన్నియు నున్నవి. వేళ స్వల్పము గనుక వానిలో ఒక్కదానిని గూర్చియే ముచ్చటింపదలచినాము. అది బురదతో బట్టకు వన్నె వేయుట. రేడియోలో రంగును చూపలేము; పని తీరును చెప్పగలము.

ఆ బట్టకు ‘బొగోలాన్‌ఫినీ’ యని పేరు. ‘బొగో’ యనగా బురద, ‘ఫినీ’ యనగా బట్ట. ప్రత్తి వడకువారు స్త్రీలు, నేయువారు పురుషులు. మగ్గము మిక్కిలి ఇరుకైనది. దానిపై దిగు నేత జానెడు వెడల్పైనను ఉండదు. అట్టి పట్టీలను ప్రక్కప్రక్కన చేర్చి కుట్టినగాని కట్టుబట్ట కాదు. ఈ పద్ధతి చాల పాతది. ఆ దేశమందే బాండియాగరా కొండ గుహలలో దొరకిన పట్టీనేత బట్టలలో 11వ శతాబ్ది నాటివి కలవు.

కుట్టిన బట్ట మరల స్త్రీల చేతికి వచ్చును. ‘గాలమా’ అను చెట్టు ఆకుల రసమున ముంచి ఆరవేయగా అది పసుపు వన్నె తేరును. ఆ చెట్టు మన అడవులలోని చిరుమానుకు దాయాది. పిమ్మట, చెరువడుగునుండి తెచ్చి కుండలో నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదియు మాగనిచ్చిన బురదను ఇనుప బద్దతోనో పుల్లతోనో దానిపై పూయుదురు. ఆకులోని వగరును బురదలోని ఇనుమును కలియగా నల్లవన్నె పుట్టును. బురదను కడిగివేసినను నలుపు పోదు.

శ్రీకాళహస్తి కలంకారీ నెరిగిన శ్రోతలకు ఇది క్రొత్త కాదు. కరక్కాయ రసము పట్టించిన బట్టపై, తుప్పు ఇనుమును బెల్లపునీటిలో మురుగబెట్టిన కసిమితో మనవారు గీయు నల్లగీత పుట్టుకయు ఇదియే. భేదమొక్కటి కలదు. మన కళాకారుడు గీతను గీయును. బమానా స్త్రీ గీతను గీయదు. దాని చుట్టునున్న తావునంతటిని నలుపు చేసి, గీతను వదలివేయును. మరల ఆకురసము, మరల బురద. చివరకు, వదలిన పసుపు గీతలపై సజ్జతవుడు, వేరుసెనగ, క్షారము చేర్చిన సబ్బు పూసి ఎండబెట్టగా అవి తెల్లబడును. ఒక్క బట్టకు వారములు పట్టును.

వేటగాండ్రును, పురిటి పిమ్మట స్త్రీలును దీనిని ధరింతురు. రక్తము చిందిన వేళల ఈ బట్ట కాపాడునని వారి నమ్మకము. ఒక్కొక్క ముగ్గుకు ఒక్కొక్క పేరు. తల్లి చెప్పగా కూతురు నేర్వవలసినదే. ఈ సీమకే చెందిన నకుంతే జారా అను కళాకారిణి బట్టలను 1990 దశకమున అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ మ్యూజియము ప్రదర్శించినది.

పల్లెబట్ట పట్టణమెక్కుటకు ముఖ్యకారకుడు, 1949లో కటి పట్టణమున జన్మించి పారిస్‌లో పనిచేసిన దుస్తుల రూపకర్త క్రిస్ సెయ్‌దూ. అర్థముగల ఆ బట్టకు కత్తెర పెట్టుటకు తొలుత అతడు సంకోచించెనట. ఆ సంకోచము మాకు నచ్చినది. అతడు 1994లో మరణించెను. అప్పటికే పట్టణములలో యువకులు అచ్చురేకు పరచి, దాని ఖాళీలలో బురద పూసి, యాత్రికుల కొరకు బట్టలు చేయ మొదలిడిరి. మిల్లులును ఆ ముగ్గులను అచ్చువేసినవి. 2012 నాటి యుద్ధముతో యాత్రికులు తగ్గి ఆ యువకుల బేరమును దెబ్బతినినది. వారి బ్రతుకుతెరువును మేము తప్పుపట్టము. కాని అచ్చురేకుకు ముగ్గు పేరు తెలియనక్కరలేదు, నేలను నలుపు చేయు శ్రమయు లేదు. వారముల తరబడి ఒక స్త్రీ కూర్చుండి చేసిన బట్టయు, రేకు పరచి త్వరగా ముగించిన బట్టయు అంగడిలో ఒకే పేరున అమ్ముడుపోవుచున్నవి.